తొమ్మిదో రీలు మీది మరక

భాస్కరం మాస్టారు ట్రంకుపెట్టెతో సహా ల్యాబు గుమ్మంలోకి వచ్చేసరికి హైమావతికి ముందు లేచి నమస్కారం పెట్టాలనిపించింది, ఆ వెంటనే వెనక తలుపులోంచి పారిపోవాలనిపించింది. రెండూ చెయ్యలేక కుర్చీలోనే ఉండిపోయింది. యాభై ఏళ్ళుగా తమ ఇంట్లో ఏ గొడవ మొదలైనా చివరికి వెళ్ళి ఆగే పేరు ఆయనది. పేరు వినడమే గానీ మనిషిని ఇంత దగ్గరగా చూడటం ఇదే మొదలు. డెబ్బై ఎనిమిదేళ్ళ సన్నటి మనిషి. నిడదవోలు నుంచి విశాఖపట్నం దాకా ఆ పెట్టెని ఎలా మోసుకొచ్చారో ఆయనకే తెలియాలి.

"కడలి వీర్రాజు గారి అమ్మాయి మీరేనాండి?"

"అవునండి."

"నేను గన్ని భాస్కరాన్ని."

"తెలుసండి."

"తెలిసే ఉంటుంది లెండి," అన్నారాయన. "పెట్టె ఎక్కడ పెట్టమంటారు? పాత టేపులు, ఎండ తగలకూడదు."

ఆ పేరు వెనక కథ ఇది. 1974 వేసవిలో ఒక మధ్యాహ్నం నిడదవోలు మాణిక్యాంబ టాకీసులో మాస్టారు మాట్నీ చూస్తున్నారు. అదే సమయంలో ఆయన భార్య సుగుణకి నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయి. ఆపరేషన్ చెయ్యాలి, మొగుడి సంతకం లేనిదే కత్తి పట్టనన్నాడు డాక్టరు. ఆసుపత్రి మనిషి సైకిలేసుకుని టాకీసుకి పరిగెత్తాడు. ఆ రోజుల్లో హాల్లో ఉన్నవాళ్ళని పిలవాలంటే స్లైడే దిక్కు. గాజుపలకకి దీపం మసి పట్టించి, గుండుసూదితో పేరు గీసి, ఆపరేటరు దాన్ని స్లైడు లాంతరులో పెడితే నడుస్తున్న బొమ్మ మీదే తెల్లటి అక్షరాలు పడేవి. 'ఫలానా వారు వెంటనే గేటు దగ్గరకు రావలెను' అని. ఆ ఆటకి ఆపరేటరు హైమావతి తండ్రి వీర్రాజు. రెండుసార్లు వేశానన్నాడు వీర్రాజు. ఒక్కసారి కూడా పడలేదన్నారు మాస్టారు. ఆట వదిలాక ఆయన బయటికి వచ్చేసరికి తల్లీ లేదు, బిడ్డా లేదు.

ఊరు మాస్టారి మాటే నమ్మింది. హాల్లో ఉన్న పాతికమందిలో ఒక్కరూ స్లైడు చూశామని చెప్పలేదు మరి. పైగా లెక్కల పంతులు అబద్ధమాడడు, సినిమా హాలువాడు ఆడతాడు, ఊరి లెక్క ఊరిది. వీర్రాజు ఉద్యోగం పోయింది. 'స్లైడెయ్యని వీర్రాజు' అన్న పేరు మాత్రం పోలేదు. నాలుగేళ్ళ హైమావతిని చంకనేసుకుని విశాఖపట్నం వచ్చి మోటార్లు బాగుచేసుకుని బతికాడు. ఆ పేరు రైలెక్కి ఆయన వెనకే వచ్చింది. హైమావతి పెళ్ళిలో కూడా మగపెళ్ళివారి వైపు ముసలాయన ఒకడు "స్లైడెయ్యని వీర్రాజు కూతురా?" అని అందరికీ వినబడేలా అడిగాడు.

మాస్టారు పెట్టె తెరిచారు. వేపాకులు పరిచి, వాటి మీద వీడియో క్యాసెట్లు, వాటి మీద మళ్ళీ వేపాకులు, పైన సీడీలు. బూజు పట్టకుండా ఆరునెలలకోసారి ఆకులు మారుస్తారట. ఆయన నిడదవోలు పాత చిత్రాల మిత్రమండలికి కార్యదర్శి. పదకొండుమంది సభ్యులు. నెలనెలా మొదటి ఆదివారం కూర్చుని, ఎవరూ పట్టించుకోని మంచి సినిమాల్లో ఏవేవి శుభ్రం చేయించి డిస్కులుగా తేవాలో ఒక చిట్టా రాసి, కంపెనీలకి పంపుతారు. కంపెనీలవాళ్ళు జవాబివ్వరు. వీళ్ళు మళ్ళీ నెల మళ్ళీ పంపుతారు. పాతికేళ్ళుగా ఆ చిట్టాలో మొదటి పేరు ఒక్కటే, 'లాకుల కాడ'. గోదావరి కాలువ లాకుల దగ్గర తీసిన నలుపు తెలుపు సినిమా. తొమ్మిది రోజులాడి పోయింది. నెగెటివులో వెండి కోసం ఎవరో కడిగేశారు. కాపీ అన్నది ఎక్కడా మిగల్లేదు. మండలిలో దాన్ని చూసినవారు మాస్టారు ఒక్కరే. మిగతా పదిమంది ఆయన మాట మీద కోరుకుంటున్నారు.

సుగుణ పోయిన మధ్యాహ్నం ఆయన చూస్తున్నది ఆ సినిమానే.

"మీ మిషను సంగతి పేపర్లో చదివానండి," అన్నారు. "గోడ మీద పడ్డ సినిమాని మళ్ళీ తీస్తారట, దానికి పాత టేపులు కావాలట. అదెలాగ?"

హైమావతి చెప్పకుండా చూపించింది. మాణిక్యాంబ టాకీసు గోడ నుంచి తెచ్చిన పెచ్చొకటి డబ్బాలో ఉంది. దాన్ని జల్లెడలో పెట్టింది. ఆమె యంత్రాన్ని ల్యాబులో అందరూ జల్లెడ అనే అంటారు. లోపల ఎర్రటి వెలుగు పెచ్చు మీద పడింది. పక్కనున్న తెర మీద ముందు మసక, ఆ మసకలోంచి ఒక చెయ్యి, గాజులున్న చెయ్యి, దేన్నో అందుకోబోయి ఆగిపోయింది.

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. "మళ్ళీ వెయ్యండి."

"ఇంక రాదండి. ఏటా ఆ గోడకి పూసిన జింకు తెలుపులో రేణువులు తమ మీద పడిన వెలుగుని దాచుకుంటాయి. ఎర్రలైటు తగిలితే వదిలేస్తాయి. ఒక్కసారే. చదివితే చెరిగిపోతుంది."

"మరి ఏడాదంతా ఆ గోడ మీద సినిమాలు ఆడతాయి కదా. అన్నీ కలిసిపోవూ?"

"కలిసే ఉంటాయి. అందుకే మీ పెట్టె కావాలి. ఆ ఏడు ఆడిన మిగతా సినిమాలన్నీ జల్లెడకి చూపిస్తే, ఒక్కొక్కటే గుర్తుపట్టి తీసేస్తుంది. చివరికి మిగిలింది మీ లాకుల కాడ."

మాస్టారు పెట్టెలో వేపాకులు సర్దారు. "అంటే దాని మీద పడ్డ ప్రతీదీ కనబడుతుందన్నమాట. స్లైడు పడి ఉంటే, అదీను."

"పడి ఉంటే కనబడుతుందండి."

"పడలేదండి," అన్నారు మాస్టారు కఠినంగా. "నేను కళ్ళార్పకుండా చూశాను. మీకు నామీద కోపం ఉంటే ఉండనివ్వండి, పడలేదు."

"పడిందని మా నాన్నంటారు," అంది హైమావతి. తన గొంతు అంత గట్టిగా ఎందుకు పలికిందో ఆమెకే తెలియలేదు.

* * *

ఎనభై నాలుగేళ్ళ వీర్రాజు కూతురి క్వార్టర్సు వరండాలో కూర్చుని పాత మిక్సీ మోటారు విప్పుతున్నాడు. ఊళ్ళో ఎవరి మిక్సీ ఆగినా ఆయన దగ్గరికే వస్తుంది. వచ్చింది ఎవరో, ఏం తెచ్చారో కూతురు చెబుతుంటే స్క్రూలు లెక్కపెడుతూ విన్నాడు.

నిజానికి జల్లెడ పుట్టిందే ఆయన మాటల్లోంచి. మాణిక్యాంబ టాకీసులో తెరంటే గుడ్డ కాదు, గోడే. ఏటా లైసెన్సు తనిఖీకి ఇంజినీరు గారు వచ్చే ముందు ఆ గోడకి వీర్రాజే జింకు తెలుపు తుమ్మబంకలో కలిపి పూత వేసేవాడు. ఏడాదికో పూత, పూతకో ఏడాది. చిన్నప్పుడు ఆ కబుర్లు వింటూ పెరిగిన పిల్ల, పెద్దయ్యాక రేణువుల శాస్త్రం చదువుకుని, ఒక రోజు పరీక్షనాళికల మధ్య కూర్చుని, ఆ గోడలో సంవత్సరాలు పుస్తకంలో కాగితాల్లా ఉంటాయి కదా అనుకుంది. పద్దెనిమిదేళ్ళు పట్టింది. శాస్త్రం కోసమే చేశానని పత్రికలవాళ్ళతో చెప్పింది. పత్రికలవాళ్ళు నమ్మారు.

"డెబ్బై నాలుగు పూత ఎట్టా గుర్తుపడతావ్?" అన్నాడు వీర్రాజు.

"అదే అడుగుదామని."

"ఆ ఏడు నీలిమందు ఎక్కువడింది. చెయ్యి జారింది. ఓనరు గారు తిట్టేరు కూడాను. గోడ గీకుతా పో, నీలంగా కనబడ్డ కాడ ఆగు." లేచి లోపలికి వెళ్ళి ఒక నల్ల అట్ట పుస్తకం తెచ్చాడు. ఏ వారం ఏ బొమ్మ ఆడింది, ఎన్ని రీళ్ళు, ఎన్ని ఆటలు, అన్నీ ఆయన చేతిరాతలో ఉన్నాయి. "ముప్పై నాలుగు బొమ్మలాడినాయి ఆ ఏడు. ఆ పంతులు గారి పెట్టెలో అన్నీ ఉన్నాయేమో సూస్కో."

"నాన్నా, ఒక మాట. చదివితే మళ్ళీ చదవలేం. ఏది కనబడితే అదే ఖాయం."

"కనబడనీ! రెండుసార్లేశాను. గోడ నీకు సెబుతాది." మోటారు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. స్క్రూ ఒకటి తక్కువైంది. అది ఆయన ఒళ్ళోనే ఉంది గానీ చాలాసేపు కింద వెతికాడు.

* * *

టాకీసుని పడగొట్టి ఫంక్షన్ హాలు కట్టబోతున్నారు. రెండు నెలలు గడువిచ్చారు. హైమావతి, ల్యాబులో ఆమెతో ఇరవై ఏళ్ళుగా పనిచేస్తున్న ఇంజినీరు ముస్తఫా, జల్లెడని విడదీసి వ్యానులో నిడదవోలు తీసుకెళ్ళారు. 1991లో ప్లాస్టిక్ తెర వేలాడదీశాక గోడకి పూతలు ఆగిపోయాయి. అంటే కావలసిన పూత మీద ఇంకా పదిహేడు పూతలు. వాటిని గీకాల్సిందే. గీకుతుంటే పదిహేడేళ్ళ సినిమాలు తెల్లటి పొడిగా ముస్తఫా బూట్ల మీద రాలాయి. మిత్రమండలివాళ్ళు నోరు మెదపలేదు. అవన్నీ వాళ్ళ బీరువాల్లో ఉన్నాయి. ఉన్నవాటి కోసం ఎవరు ఏడుస్తారు?

మూడో రోజు గోడ నీలంగా తిరిగింది.

తలుపులన్నీ మూసి, సందులకి నల్లగుడ్డ కొట్టి, పట్టపగలే హాలుని చీకటి చేసి చదివారు. ఎర్రటి గీత ఒకటి గోడ మీద పై నుంచి కిందికి, మళ్ళీ పక్కకి, అంగుళం అంగుళం పాకింది. నాలుగు రోజులు. యంత్రం దాటిన ప్రతి అంగుళం ఖాళీ అయిపోయింది. మాస్టారు రోజూ వచ్చి నాలుగో వరసలో కూర్చునేవారు. అక్కడ చూడ్డానికి ఏమీ లేదు. అయినా కూర్చునేవారు. మధ్యాహ్నం ముస్తఫా టిఫిన్ క్యారియర్ విప్పితే, ఆయన సంచిలోంచి అరటిపళ్ళు తీసిచ్చేవారు.

చివరి రోజు హైమావతి పక్కన కూర్చుంటే ఆయనంతట ఆయనే చెప్పారు.

"నాకు ఆ సినిమా నచ్చిందండి. అదీ నా బాధ. విసుగొచ్చి ఉంటే మధ్యలో లేచిపోయేవాణ్ణి. ఆ రెండున్నర గంటలూ నేను ఎంత సంతోషంగా ఉన్నానో మీకు చెప్పలేను. అక్కడ ఆవిడ ప్రాణం పోతోంది, ఇక్కడ నేను చప్పట్లు కొడుతున్నాను. స్లైడు పడలేదు కాబట్టి నా తప్పు కాదు. పడిందంటే మాత్రం..." ఆగిపోయారు. "పడలేదు లెండి."

హైమావతికి ఆయన మీద జాలేసింది. చిన్నప్పటి నుంచి అసహ్యించుకోవడం అలవాటైన మనిషి మీద జాలి పడటం అంత సుఖంగా లేదు.

* * *

గోడ బొమ్మనే దాచుకుంటుంది, మాటని దాచుకోదు. మాటల కోసం మిత్రమండలి మళ్ళీ అక్కరకొచ్చింది. కొవ్వూరు దంతవైద్యుడు తాతపూడి గోపాలకృష్ణ దగ్గర రేడియోలో వచ్చిన సంక్షిప్త శబ్దచిత్రం టేపు ఉంది. సినిమాలో గంటసేపు మాటలు, పాటలు అందులో దొరికాయి. మిగతా చోట్ల బొమ్మ నిశ్శబ్దంగానే నడవాలి.

విశాఖపట్నంలో జల్లెడ వారం రోజులు పనిచేసింది. ముప్పై మూడు సినిమాల్ని ఒక్కొక్కటిగా ఏరి పారేసింది. మిగిలినదాంట్లో లాకు తలుపులు తెరుచుకున్నాయి, నీళ్ళు పరుగెత్తాయి, పడవలో ఒక అమ్మాయి వెనక్కి తిరిగి చూసింది. ముస్తఫా కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "మేడమ్, నిజంగా మంచి సినిమా ఇది. మాస్టారు గొప్పలు పోలేదు."

పదహారు రీళ్ళలో పదిహేను రీళ్ళూ మచ్చ లేకుండా వచ్చాయి. తొమ్మిదో రీలులో చాకిరేవు దృశ్యం ఉంది. కాలువ గట్టు పొడవునా ఉతికిన పంచెలు, దుప్పట్లు, చీరలు ఆరేసి ఉన్నాయి. తెరంతా తెల్లటి తెలుపు. కెమెరా ఆ బట్టల మీదుగా నెమ్మదిగా కదులుతుంది. దాని మధ్యలో నలభై సెకన్లపాటు ఏదో మరక.

"ఇరవై ఏడు ఆటల్లో ఒక్క ఆటలోనే ఉందండి ఇది," అన్నాడు ముస్తఫా అంకెలు చూస్తూ. "కదలని వెలుగు. దీపం మరకేదో. తుడిచేస్తున్నా."

"ఆగు," అంది హైమావతి.

ఆమె బట్టల తెలుపుని కొద్దికొద్దిగా తగ్గించింది. దుప్పట్లు బూడిదరంగులోకి దిగాయి. వాటి మీద తెల్లగా, వంకరగా, గుండుసూదితో గీసిన అక్షరాలు లేచాయి.

'గన్ని భాస్కరం మాస్టారు వెంటనే గేటు దగ్గరకు రావలెను. ఇంటి దగ్గర అవసరం.'

అది తండ్రి చేతిరాతే. నల్ల అట్ట పుస్తకంలో 'ర' మెలిక కూడా అలాగే తిరుగుతుంది. వేశాడు. నాన్న స్లైడు వేశాడు! ఆమె టేబులు అంచు పట్టుకుని నవ్వింది, కళ్ళ వెంట నీళ్ళు కారాయి, ఇంటికి ఫోను చెయ్యబోయింది. అప్పుడు ముస్తఫా నెమ్మదిగా తెలుపుని ఉన్నచోటికి తెచ్చాడు. ఆ రోజు హాల్లో ఎలా కనబడిందో అలాగ. అక్షరాలు దుప్పట్లలో కలిసిపోయాయి. తెలుపు మీద తెలుపు. అక్కడ ఏమైనా ఉందని ముందే తెలిసినవాడికి కూడా కనబడదు.

వేశాడు. ఎవరికీ కనబడకుండా వేశాడు. ఒక్కసారే వేశాడు.

యాభై ఏళ్ళు ఒకరినొకరు అబద్ధాలకోరు అనుకున్న ఇద్దరూ నిజమే చెప్పారన్నమాట. ఒక్క 'రెండుసార్లు' అన్న మాట తప్ప.

"తుడిచేస్తే ఎవరికీ తెలీదు మేడమ్," అన్నాడు ముస్తఫా, ఆమె మొహం చూసి. "మిత్రమండలివాళ్ళకి కావలసింది శుభ్రమైన కాపీయే కదా. పెద్దాయన పేరు ఎలా ఉన్నది అలా ఉంటుంది. కొత్తగా చెడేదేం లేదు."

ఒక్క మీట నొక్కితే సరిపోతుంది. వెయ్యలేదన్న నింద తండ్రికి పాతదే, దాంతో బతకడం ఆయనకి అలవాటైంది. ఇది బయటపెడితే నింద పోతుంది, దాని స్థానంలో తప్పు వచ్చి కూర్చుంటుంది. ఆమె రోజంతా ఆ మీట వైపు చూసి, సాయంత్రం ఇంటికి వెళ్ళింది.

* * *

ల్యాప్‌టాపులో ఆ నలభై సెకన్లు వీర్రాజు రెండుసార్లు చూశాడు. ఒకసారి అక్షరాలు కనబడేలా, ఒకసారి కనబడకుండా. హైమావతి చెప్పాల్సిన పని లేదు, ఆయన ఆపరేటరు.

"చాకిరేవు మీద ఏశానా," అన్నాడు చివరికి.

"అవును నాన్నా."

"తెల్లటి సీను మీద స్లైడెయ్యకూడదు. మా గురువు మొదటి రోజే సెప్పేడు. చీకటి సీను వచ్చేదాకా ఆగి ఎయ్యాలని." అరచేతుల వైపు చూసుకున్నాడు. "గేటు మనిషి తొందర పెట్టేడు. పలక పెట్టేను. అప్పుడే అవతల మిషన్లో దీపం వెలిగే కార్బను పుల్ల అయిపోతా ఉంది. మార్చాలి, లేకపోతే బొమ్మ ఆగిపోద్ది. అటు తిరిగేను. క్యాబిను కన్నంలోంచి తెర వైపు ఒక్కసారి సూస్తే తెలిసేది. సూడలేదు."

"రెండోసారి?"

లోపల ఫ్రిజ్ ఆగి మళ్ళీ మొదలైంది.

"రెండోసారి ఎయ్యలేదమ్మా. ఏశానన్నాను. ఓనరు గారడిగితే భయంతో అన్నాను. ఒకసారన్నదానికి రెండుసార్లంటే నమ్ముతారనుకున్నాను. సెప్పగా సెప్పగా నాకే నిజమైపోయింది. నీ పెళ్ళిలో ఆ ముసలోడడిగినప్పుడు కూడా రెండుసార్లేశాననే గదా అన్నాను."

హైమావతి ఏడ్చింది. ఆయన కోసమో, తన కోసమో, చూడని సుగుణ కోసమో. తండ్రి మీద కోపం కూడా వచ్చింది. పద్దెనిమిదేళ్ళు ఆ యంత్రం కట్టింది ఈ మాట వినడానికా? వీర్రాజు ఆమె ఏడుపు అయ్యేదాకా కూర్చుని, "తుడిచేద్దామనుకున్నావా?" అన్నాడు.

"అనుకున్నాను."

"వద్దు. అలాగని ఆ రోజున ఉన్నట్టూ వద్దు." తెర మీది తెల్లటి దుప్పట్ల వైపు వేలు చూపించాడు. "ఈసారైనా కనబడేలా ఎయ్యి."

* * *

దిద్దిన కాపీ చూడటానికి మండలి తరఫున దంతవైద్యుడు తాతపూడి వచ్చాడు. సినిమా మీద చిన్న గీత కనబడినా సహించని మనిషి. తొమ్మిదో రీలు రాగానే కుర్చీలోంచి లేచాడు.

"ఏంటండీ ఇది! పాతికేళ్ళు ఎదురుచూసి, శుభ్రం చెయ్యమంటే స్లైడు వదిలేస్తారా? పంటి మీద గార వదిలేసి తెల్లగా ఉందండీ అన్నట్టు..." అంటూ అక్షరాలు చదివాడు. చదివి, కూర్చున్నాడు. "మాస్టారికి తెలుసాండి?" అన్నాడు.

"ఫోను చేశాను. వినలేదు."

నిజమే. "మీకొక సంగతి చెప్పాలండి, స్లైడు గురించి," అని ఆమె అంటుండగానే మాస్టారు అడ్డుకున్నారు. "వద్దండి. చెప్పకండి. నేను ఆ సినిమా హాల్లో కూర్చుని చూశాను. ఏమున్నా హాల్లో కూర్చునే తెలుసుకుంటాను. మీ నోటితో వింటే మీ మాట, వాళ్ళ నోటితో వింటే వాళ్ళ మాట అవుతుంది. గోడ మాట గోడనే చెప్పనివ్వండి." ఆమె ఇంకోసారి ప్రయత్నించింది. ఆయన ఫోను పెట్టేశారు.

"సరే, డిస్కులో ఏముండాలో మాస్టారే చెబుతారు," అన్నాడు తాతపూడి. "ముందు ఆయన చూడనివ్వండి."

* * *

పడగొట్టడానికి నాలుగు రోజుల ముందు, మాణిక్యాంబ టాకీసులోనే ఆట వేశారు. మధ్యాహ్నం రెండున్నరకి, మాట్నీ. అదే గోడ. దాని మీద ఇప్పుడు దాచుకున్నదేమీ లేదు. మిత్రమండలి పదకొండుమంది, వాళ్ళ ఇళ్ళవాళ్ళు, ఊళ్ళో పెద్దవాళ్ళు కొందరు కలిసి అరవైమంది దాకా వచ్చారు. మాస్టారు నాలుగో వరస చివర కూర్చున్నారు.

వీర్రాజు హాల్లోకి రానన్నాడు. ఆపరేటరు హాల్లో కూర్చోవడమేంటన్నాడు. మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కి క్యాబినులోకి వచ్చాడు. పాత మిషన్లున్న చోట ముస్తఫా పెట్టిన చిన్న పెట్టె ఒకటి గుయ్యిమంటోంది. కార్బన్లు లేవు, మార్చాల్సిన రీళ్ళు లేవు. చేతులకి పనిలేక వీర్రాజు కన్నం దగ్గర నిలబడ్డాడు. పక్క కన్నం దగ్గర హైమావతి.

మొదటి సగం జనం బాగా చూశారు. రేడియో టేపు ఉన్నచోట మాటలు వినబడ్డాయి, లేనిచోట బొమ్మే నడిచింది. లాకు సూపర్నెంటు వేషధారి తలపాగా కాలువలో పడిపోయినచోట మాస్టారు అందరికంటే ముందు నవ్వారు. ఆ నవ్వు క్యాబిను దాకా వినబడింది. ఆ రోజు కూడా ఇలాగే నవ్వి ఉంటారు. హైమావతికి ఇక చూడాలనిపించలేదు, కానీ చూసింది.

ఇంటర్వెల్ అయింది. సోడాలు తాగి అందరూ లోపలికొచ్చారు. తొమ్మిదో రీలు మొదలైంది.

"ఇదేనమ్మా," అన్నాడు వీర్రాజు. కన్నానికి మొహం ఆనించేశాడు.

చాకిరేవు వచ్చింది. ఆ భాగానికి టేపులో శబ్దం లేదు. హాలంతా నిశ్శబ్దం. గట్టు మీద బట్టలు కాస్త మసకబారాయి. అక్షరాలు వాటి మీద తెల్లగా, స్పష్టంగా పడ్డాయి. ఎవరో ముసలాయన పైకే చదివేశాడు, మధ్యలో ఆగిపోయాడు. తలలు కొన్ని నాలుగో వరస వైపు తిరిగాయి, తిరిగిన తలలు మళ్ళీ ముందుకి తిరిగిపోయాయి. అక్షరాలు కదలకుండా ఉన్నాయి. పది సెకన్లు. పదిహేను.

నాలుగో వరస చివర ఒక మనిషి లేచాడు.

మాస్టారు తెర వైపు చూడలేదు. ముందు సీటు వీపు పట్టుకుని నడవలోకి వచ్చారు. చీకట్లో మెట్టు తడుముకున్నారు. తాతపూడి లేచి చెయ్యి అందించబోతే వద్దన్నట్టు తల ఊపి, ఒక్కరే, గబగబా నడిచారు. ఆసుపత్రికి ఇంకా వేళ మించిపోనట్టు నడిచారు. పక్క తలుపు తోశారు. బయట మండుతున్న నాలుగు గంటల ఎండ హాల్లోకి ఒక్కసారి పడి, తలుపు మూసుకుంది.

తెర మీద అక్షరాలు పోయాయి. బట్టలు మళ్ళీ తెల్లబడ్డాయి. సినిమా నడుస్తోంది.

హైమావతి తండ్రి వైపు తిరిగింది. ఆయన అప్పటికే కన్నం దగ్గర లేడు. గోడ పట్టుకుని, ఒక్కొక్క మెట్టే దిగుతున్నాడు.

"నాన్నా, ఎక్కడికి? ఆగు, పడతావు."

"గేటు కాడికి," అన్నాడు వీర్రాజు వెనక్కి తిరక్కుండానే. "పిలిచిన తరవాత అక్కడ ఎవరో ఒకరుండాల గదమ్మా."